రోబో సర్జరీలో మూత్రనాళానికి దెబ్బ తగలకుండా ఎలా చూస్తారు?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: 'మా అమ్మకు విశాఖలో రోబోతో గర్భసంచి తీస్తారట. మూత్రనాళం తెగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.'

ముందొక మాట: రోబో తనంతట తాను కోయదు, నడిపేది డాక్టరే. కాకపోతే చాలా రోబోల్లో చేతి స్పర్శ తెలియదు కాబట్టి కంటితో చూసే గుర్తులే ఆధారం.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళం కటి (నడుం కింది ఎముకల గూడు) అంచు దగ్గర పెద్ద రక్తనాళం రెండుగా చీలేచోట దాన్ని దాటుతుంది. డాక్టర్లు సాధారణంగా అక్కడే మూత్రనాళాన్ని గుర్తుపట్టి కిందికి వెతుక్కుంటూ వస్తారు. పరికరం తగిలితే అది పాములా మెలికలు తిరుగుతుంది; రక్తనాళం అలా కదలదు. అసలు చిక్కు గర్భసంచి మెడ పక్కన. అక్కడ గర్భసంచికి రక్తం తెచ్చే ధమని పైన, మూత్రనాళం కింద: అచ్చం మన మహేంద్రతనయ నది మీద వంతెన, కింద నీళ్లు. మెడకు రెండు సెంటీమీటర్ల దూరం కూడా ఉండకపోవచ్చు. అందుకే యోని వైపు నుంచి కప్పులాంటి పరికరం పెట్టి గర్భసంచిని పైకి నెడతారు, మూత్రనాళం పక్కకు జరుగుతుంది. మూత్రాశయాన్నీ ముందే కిందికి విడదీస్తారు.

పాత సిజేరియన్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉంటే ఈ గుర్తులు అతుక్కుపోయి చెదిరిపోతాయి. అమ్మగారికి అలాంటివి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.