అక్కని అడిగారా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో భీమవరంలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంది. నాకు మాత్రం మొదటి నుంచీ చెన్నైలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ మీదే మనసు. వాళ్ల ఎంట్రన్స్‌లోనూ అదే కోర్సుకి సీటొచ్చింది. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 4 లక్షలవుతుంది. నాన్న మొండిగా కొబ్బరి తోట తాకట్టు పెట్టనంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క కడుతుందిలే అంటోంది అమ్మ. అక్కకి అప్పట్లో వైజాగ్‌లో సీటొచ్చినా ఆడపిల్లని అంత దూరం వద్దని ఇక్కడే చదివించారు. నేను ఏ కాలేజీలో చేరమంటారు?

జవాబు: భీమవరంలో చేరు బాబూ. కోర్సు రెండుచోట్లా ఒకటేగా. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఒక్కోసారి ఆలస్యమవుతుంది, కాలేజీవాళ్లు ముందు మిమ్మల్నే కట్టమంటారు. అందుకు కొంత చేతిలో ఉంచుకోండి. కాలేజీ సంగతి ఇంతే.

ఇక మీ అక్క సంగతి. ఉత్తరమంతా వెతికాను, ఆ అమ్మాయి ఏమందో ఎక్కడా లేదు. అడగలేదు కాబట్టే రాయలేదని నా అనుమానం. వైజాగ్ పంపడానికి మనసొప్పని తల్లి, ఇప్పుడు ఆ పిల్ల జీతంతోనే కొడుకుని చెన్నై పంపుతానంటోంది! మీ అమ్మగారికి కోపం వచ్చినా సరే, ఇది నాకు నచ్చలేదు. కూతురు ఉద్యోగంలో చేరిందంటే చాలు, ఆ జీతం ఇంటిదైపోతుంది మనకి. నాలుగేళ్లకి 16 లక్షలు. ఈలోగా ఆమెకి పెళ్లి చేయరా? చేస్తే, అత్తారింటి నుంచి నీ సెమిస్టర్ ఫీజు పంపమంటారా?

నాన్నగారిది మొండితనమన్నావు. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర ఎలా ఎగిరి పడుతుందో ఆయనకి తెలుసు. ఆ రాబడిని నమ్ముకుని తోటని బ్యాంకులో పెట్టననడం తెలివైన పనే.

చెన్నై తప్ప వద్దనుకుంటే ఆ బరువు నువ్వే ఎత్తుకో. చదువు అప్పుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ యూనివర్సిటీ ఉందేమో చూడు. ఉంటే, మెరిట్ సీటుకి తాకట్టు, పూచీ లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు అప్పు మీద చదువయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాదీ 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అర్హులందరికీ ఆ రాయితీ అందదు, దాన్నే నమ్ముకోకు. వాయిదాలు ఆ ఏడాది దాటాక మొదలవుతాయి. అవి నీ జీతంలోంచి కట్టాలి, అక్క జీతంలోంచి కాదు.

ముందు అక్కకి ఫోన్ చెయ్యి. అమ్మ పక్కన లేనప్పుడు, స్పీకర్ పెట్టకుండా. డబ్బు మాట ఎత్తకు, వైజాగ్ పంపనప్పుడు తనకెలా అనిపించిందో అడుగు. తనంతట తనే సాయం చేస్తానంటే ఎంత, ఎన్నాళ్లు అన్నది తననే చెప్పనివ్వు, అప్పుగా రాసుకో. కుదరదంటే ఆ సంగతి అమ్మకి నువ్వే చెప్పు. అక్కతో చెప్పించకు.