మీ ప్రశ్నలకు జవాబులు: అమెరికాలో ఫిజియోథెరపిస్టుగా లైసెన్సు

ఫిజియోథెరపీ చదివి అమెరికాలో స్థిరపడినవారి నుంచి, వెళ్ళాలనుకుంటున్నవారి నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఇదే దారిలో నడిచి వచ్చినదాన్ని కనుక కొన్నిచోట్ల నా అనుభవం కూడా చెప్పాను.

ప్రశ్న: విజయవాడ డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో 2016లో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తిచేశాను. గుంటూరులో ఒక ఎముకల ఆసుపత్రిలో నాలుగేళ్ళు పనిచేశాను. పెళ్ళయ్యాక, భర్త హెచ్-1బీ ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీద టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చాను. లైసెన్సు కోసం పెట్టే ఎన్‌పీటీఈ పరీక్ష రాస్తే చాలని ఒకరంటున్నారు, మళ్ళీ డీపీటీ అనే డాక్టరేటు కోర్సు చదవాల్సిందేనని మరొకరంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి? లైసెన్సు వచ్చేలోగా సహాయకురాలిగానైనా పని చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్

జవాబు: అమ్మా, ముందుగా ఒక విషయం మనసులో స్థిరపరచుకోండి. అమెరికాలో ఫిజియోథెరపిస్టుకు దేశమంతటికీ చెల్లే లైసెన్సు అంటూ ఒకటి లేదు. పరీక్ష అన్ని రాష్ట్రాలకూ ఒకటే, లైసెన్సు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. న్యూజెర్సీలో ఉన్న మీ స్నేహితురాలు ఏ కాగితాలు పెట్టిందో, ఎంతకాలం పట్టిందో వినడం మంచిదే గాని, ఆమె లెక్క మీకు సరిపోతుందనుకోకండి. మీరు చదవవలసినవి టెక్సస్ బోర్డు ఆఫ్ ఫిజికల్ థెరపీ ఎగ్జామినర్స్ నిబంధనలు (ఫిజియోథెరపీని అమెరికాలో ఫిజికల్ థెరపీ అంటారు). కాలిఫోర్నియా బోర్డయితే విదేశాల్లో చదివినవారిని అక్కడి థెరపిస్టు పర్యవేక్షణలో తొమ్మిది నెలల వరకూ క్లినికల్ సేవ చేయమంటుంది. మీవారి ఉద్యోగం రేపు మరో రాష్ట్రానికి మారే సూచన ఉంటే, ఆ రాష్ట్రం నిబంధనలు కూడా ఇప్పుడే చదివి పెట్టుకోండి.

మీరు మొదలుపెట్టవలసింది పుస్తకాలతో కాదు, కాగితాలతో. విదేశంలో చదివినవారి చదువును బోర్డు నేరుగా తూచదు, తాను అంగీకరించిన మదింపు సంస్థ చేత తూయిస్తుంది. వాటిలో అందరికీ తెలిసినది ఎఫ్‌సీసీపీటీ. ఆ సంస్థ మీ ట్రాన్‌స్క్రిప్టును (మార్కుల వివరాల పత్రాన్ని), సిలబస్‌ను ముందు పెట్టుకుని, అమెరికా విద్యార్థి చదివిన ఒక్కొక్క అంశం మీ చదువులో ఉందా, ఎన్ని గంటలు ఉంది అని వరుసగా సరిచూస్తుంది. 2016 నుంచి అమెరికాలో గుర్తింపు పొందిన ఫిజికల్ థెరపీ కోర్సులన్నీ డాక్టరేటు స్థాయివే, అంటే డీపీటీలే. ఈ మాట విన్నవారే మిమ్మల్ని మళ్ళీ చదవాలని భయపెడుతున్నారు. కాని చాలా రాష్ట్రాలు లైసెన్సు కోసం మీరు పట్టా పుచ్చుకున్న నాటి అమెరికా సిలబస్‌తోనే పోల్చి చూస్తాయి. కొన్ని మాత్రం ఇప్పటి సిలబస్‌తో పోలుస్తాయి. ఏ కొలతతో కొలుస్తారో తెలుసుకోకుండా లక్షలు పోసి డీపీటీలో చేరడం తొందరపాటు అవుతుంది.

మన బీపీటీ సాధారణంగా ఎక్కడ తక్కువ పడుతుందో కూడా చెప్తాను. అనాటమీ, ఫిజియాలజీ, ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ విషయంలో మనవాళ్ళకు దిగులు అక్కరలేదు. లోటు కనబడేది ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), ఎక్స్‌రే, స్కానింగ్ వంటి ఇమేజింగ్, గాయాల సంరక్షణ, వ్యాధుల మధ్య తేడాను థెరపిస్టే స్వయంగా పసిగట్టే స్క్రీనింగ్, అమెరికా చట్టం, వృత్తి నిర్వహణ వంటి వాటిలో. దీనికి తోడు సాహిత్యం, సామాజిక శాస్త్రాల వంటి సాధారణ విద్య క్రెడిట్లు కూడా కొందరికి తక్కువవుతాయి. మనం ఇంటర్‌లో చదివినదాన్ని వాళ్ళు హైస్కూలు కిందనే లెక్కకడతారు కాబట్టి అది ఈ లోటును పూడ్చదు. తక్కువైన అంశాలను కమ్యూనిటీ కాలేజీలోనో, ఆన్‌లైన్ కోర్సులతోనో పూర్తిచేయవచ్చు. అయితే ఆ కోర్సు మీ లెక్కలో చేరుతుందని మదింపు సంస్థ, బోర్డు రాతపూర్వకంగా చెప్పిన తరువాతే ఫీజు కట్టండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నా ట్రాన్‌స్క్రిప్టు కళాశాల నుంచి సవ్యంగానే వెళ్ళింది, కాని సిలబస్ పుస్తకంలో క్లినికల్ పోస్టింగు గంటలు విభాగాల వారీగా లేవు. ఆర్థోపెడిక్స్‌లో ఎన్ని గంటలు, న్యూరాలజీలో ఎన్ని గంటలు, ఐసీయూలో ఎన్ని గంటలు అన్న ఒక్క పేజీ కోసం నా ఫైలు ఐదు నెలలు కదలలేదు. మా నాన్నగారు ఆ కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. చివరికి దొరికిన లేఖ మీద ప్రిన్సిపాల్ సంతకం ఉంది గాని తేదీ లేదు, దాంతో మళ్ళీ పంపించాల్సి వచ్చింది. అందుకే కాగితం మీ వాళ్ళ చేతిలో ఉన్నప్పుడే దాన్ని ఫోటో తీసి పంపమని చెప్పండి. తేదీ, సంతకం, గుండ్రని సీలు మూడూ కనబడితేనే ముందుకు పోనివ్వండి. ట్రాన్‌స్క్రిప్టును విశ్వవిద్యాలయమే మదింపు సంస్థకు నేరుగా పంపాలి. మీరు కవరు విప్పి మళ్ళీ అంటించి పంపితే అది చెల్లదు.

పేరు సంగతి అంతకన్నా ముఖ్యం. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక కొందరికి భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. పట్టాలో ఒక పేరు, పాస్‌పోర్టులో మరొక పేరు ఉన్నప్పుడు రెండూ ఒకరివేనని చూపే పత్రం ముందే సిద్ధంగా ఉండాలి. పరీక్షకు నమోదు చేసుకున్న పేరు, ఆ రోజు మీరు చూపే గుర్తింపు కార్డులోని పేరు కలవకపోతే పరీక్షా కేంద్రంలోకి అడుగు పెట్టనివ్వరు.

బీపీటీ ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివామని మీరన్నా, భారతదేశంలో చదివినవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు సాధారణంగా దొరకదు. టోఫెల్‌లో మొత్తం మార్కులు మాత్రమే చూడరు. చదవడం, వినడం, మాట్లాడటం, రాయడం, ఒక్కొక్కదానికీ వేరుగా కనీస మార్కు ఉంటుంది. మనవాళ్ళలో ఎక్కువమంది తడబడేది మాట్లాడే భాగంలోనే, కాబట్టి రోజూ కొంతసేపు గొంతెత్తి మాట్లాడుతూ సాధన చేయండి.

ఇక ఎన్‌పీటీఈ. దీన్ని రాష్ట్రాల బోర్డుల సమాఖ్య అయిన ఎఫ్‌ఎస్‌బీపీటీ ఏటా నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో నిర్ణయించిన తేదీల్లో నిర్వహిస్తుంది. 225 ప్రశ్నలు ఉంటాయి, సమయం 5 గంటలు. 200 నుంచి 800 వరకు ఉండే కొలతలో 600 వస్తే ఉత్తీర్ణులు. ఏడాదిలో మూడుసార్లకు, జీవితకాలంలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు. 400 లేదా అంతకన్నా తక్కువ స్కోరు రెండుసార్లు వస్తే ఆ తరువాత ఇక అవకాశమే ఉండదు. అందువల్ల ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని మాత్రం ఈ పరీక్షకు కూర్చోకండి. పిల్లలు చిన్నవాళ్ళయితే, ఇంటిపని మీ ఒక్కరిమీదే ఉంటే, మరో మూడు నెలలు ఆగి రాయడంలో నష్టమేమీ లేదు.

పరీక్ష పోకడ మనం అలవాటుపడినదానికి భిన్నం. ఒక ప్రశ్న ఇలా ఉంటుందనుకోండి: మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరిగి నాలుగు రోజులైన రోగి మీ దగ్గరికి వచ్చాడు. పిక్క వాచి ఉంది, తాకితే వేడిగా ఉంది, నొక్కితే నొప్పి అంటున్నాడు. మీరు మొదట ఏం చేస్తారు? గుంటూరు ఆసుపత్రిలో మీకు వచ్చిన చీటీ మీద మోకాలు వంచే వ్యాయామాలు, నడక అని రాసి ఉండేది, మీరు దాని ప్రకారం చేయించేవారు. ఇక్కడ వ్యాయామం జోలికే పోకుండా, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి, వెంటనే సర్జన్‌కు తెలియజేయడమే సరైన జవాబు. నాలుగు జవాబుల్లో మూడు చికిత్స దృష్ట్యా బాగానే ఉన్నట్టు కనబడతాయి, రోగి ప్రాణాన్ని కాపాడేది ఒక్కటే ఉంటుంది. నాలుగేళ్ళు వార్డుల్లో తిరిగిన మీ అనుభవం వృథా పోదు. కాని చెప్పింది చేయడం అనే అలవాటు నుంచి, చూసి నిర్ణయించడం అనే అలవాటుకు మనసు మళ్ళాలి. సన్నద్ధతలో మీకు ఎక్కువ కాలం పట్టేది అదే. టెక్సస్ చట్టం, నిబంధనల మీద వేరుగా ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంటుంది, దానికి మాత్రం అంతగా బెంగపడనక్కరలేదు.

సహాయకురాలి విషయానికొస్తే, ఫిజికల్ థెరపిస్టు అసిస్టెంటు అన్నది కూడా లైసెన్సుతో కూడిన వృత్తే. దాని చదువు వేరు, పరీక్ష వేరు. లైసెన్సు లేకుండా ఆ పేరు పెట్టుకుని పనిచేయడం చట్టవిరుద్ధం. వారాంతంలో మనవాళ్ళ ఇళ్ళలో కలుసుకున్నప్పుడు, ఇండియా నుంచి వచ్చిన ఎవరి అమ్మగారో మోకాళ్ళ నొప్పులని మీ దగ్గర కూర్చుంటారు. ఆప్యాయంగా మాట్లాడండి, డాక్టరుకు చూపించమని చెప్పండి, కాని థెరపిస్టుగా చికిత్స మొదలుపెట్టకండి, డబ్బు అసలే తీసుకోకండి.

మరో సంగతి. లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన హెచ్-4 మీద ఉద్యోగం చేసే హక్కు రాదు. మీవారి గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది ఉన్నా, గ్రీన్‌కార్డు ప్రక్రియ సాగుతున్న కారణంగా ఆయన హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపు పొంది ఉన్నా, 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మీరు ఉద్యోగ అనుమతి పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రెండూ లేకపోతే మీ పేరు మీదే హెచ్-1బీ కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని దరఖాస్తును ఎలా స్వీకరిస్తారో కూడా బోర్డును ముందే అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో బీపీటీ చదివి ఇంటర్న్‌షిప్ చేస్తున్నది. మున్ముందు అమెరికా వెళ్ళాలని ఆమె కోరిక. ఇప్పటినుంచి ఏం చేయాలి? ఫిజియోథెరపిస్టులకు గ్రీన్‌కార్డు త్వరగా వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నమస్కారమండి. అమ్మాయి ఇంకా కళాశాలలోనే ఉండటం మీకు కలిసివచ్చిన విషయం. ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా ఏ విభాగంలో ఎన్ని గంటలు పనిచేసిందో తేదీలతో లాగ్‌బుక్ రాసుకుని, ప్రతి పోస్టింగు చివర అక్కడి ఇన్‌ఛార్జి సంతకం తీసుకోమని చెప్పండి. తాను చేరిన ఏడాది అమల్లో ఉన్న సిలబస్ ప్రతిని విశ్వవిద్యాలయం ముద్రతో ఇప్పుడే తీసుకుని దాచుకోవాలి, ఎందుకంటే సిలబస్ మారిన తరువాత పాతది సంపాదించడం కష్టమవుతుంది.

మన దేశంలో నమోదు సంగతి కూడా చూసుకోవాలి. 1955లో ఏర్పడిన ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ సభ్యత్వాన్నే చాలామంది లైసెన్సు అనుకుంటారు. అది వృత్తి సంఘం సభ్యత్వమే తప్ప ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాదు. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని తన పరిధిలోకి తెచ్చి, రాష్ట్ర కౌన్సిళ్ళలో నమోదుకు దారి వేసింది. కౌన్సిల్‌లో నమోదుకు అవకాశం ఉన్నప్పుడు అమ్మాయి దాన్ని వదులుకోకూడదు. స్వదేశంలో లైసెన్సు ఉందా అని విదేశీ బోర్డు అడిగినప్పుడు సంఘం కార్డు చూపి లైసెన్సు అని రాయకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

గ్రీన్‌కార్డు గురించి మీరు విన్నదాంట్లో సగం నిజం. నర్సులతో పాటు ఫిజికల్ థెరపిస్టులను అమెరికా కార్మిక శాఖ షెడ్యూల్-ఎ అనే జాబితాలో ఉంచింది. అందువల్ల ఇతర ఉద్యోగాలకు యజమాని జరిపించవలసిన లేబర్ సర్టిఫికేషన్ వీరికి అక్కరలేదు. కాని ఆ తరువాత నిలబడవలసిన వరుస ఒకటే, భారతదేశంలో పుట్టినవారికి ఆ వరుస ఏళ్ళ తరబడి సాగుతుంది. పైగా 1996 నాటి వలస చట్టం ప్రకారం, ఉద్యోగం కోసం వచ్చే ఆరోగ్య వృత్తులవారు తమ చదువుకు, ఇంగ్లీషుకు ప్రత్యేక ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఈ ధ్రువపత్రం కోసం చదువును ఇప్పటి అమెరికా ప్రమాణంతోనే పోలుస్తారు, పాత కొలత పనికిరాదు. నాలుగున్నరేళ్ళ బీపీటీ ఒక్కదానితో అక్కడ నెగ్గడం కష్టం కనుక ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) గాని, ఇప్పటికే థెరపిస్టులైనవారి కోసం ఉండే ట్రాన్సిషనల్ డీపీటీ గాని చేసేవారు ఎక్కువ. ఎన్‌పీటీఈ మన దేశంలో రాయడానికి కేంద్రాలు లేవు, అమెరికా గడ్డ మీదే రాయాలి. ఆ ప్రయాణం, వీసా ఖర్చులు కూడా లెక్కలో వేసుకోండి. ఉద్యోగం, వీసా అన్నీ తామే చూసుకుంటామని సంతకాలు చేయించుకునే ఏజెన్సీల ఒప్పందాల్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలన్న షరతును రెండుసార్లు చదవండి.

ప్రశ్న: నా పరీక్ష జనవరిలో. గత పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఇస్తామంటూ ఒక వాట్సాప్ గ్రూపులో డబ్బు అడుగుతున్నారు. అందరూ తీసుకుంటున్నారు, నేను తీసుకోకపోతే వెనకబడతానేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, చికాగో

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం రాసినందుకు సంతోషించాను. ఇంకా డబ్బు కట్టలేదని కూడా అనుకుంటున్నాను. 2010 జులైలో ఏం జరిగిందో మీ తరానికి తెలియకపోవచ్చు. పరీక్ష రాసి వచ్చినవారు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని పంచుకుంటున్నారని తేలడంతో, ఎఫ్‌ఎస్‌బీపీటీ భారత్, పాకిస్తాన్, ఈజిప్ట్, ఫిలిప్పీన్స్ దేశాల్లో చదివినవారెవరినీ పరీక్ష రాయనివ్వకుండా ఆపేసింది. ఏ తప్పూ చేయనివారు, నెలల తరబడి చదివి తేదీ కోసం ఎదురుచూస్తున్నవారు, ఉద్యోగం మాట ఖాయమైనవారు కూడా ఆగిపోయారు. కోరుకున్న రోజున పరీక్ష రాసే పద్ధతి పోయి, నిర్ణీత తేదీల పద్ధతి వచ్చింది కూడా ఆ నేపథ్యంలోనే.

ప్రశ్నలను బయటపెట్టనని, పంచుకోనని పరీక్షకు ముందు మీరే అంగీకారం తెలుపుతారు. దాన్ని మీరినట్టు తేలితే స్కోరు రద్దు కావచ్చు, లైసెన్సు రాకపోవచ్చు, వచ్చింది పోవచ్చు. అన్నిటికన్నా నన్ను బాధించేది వేరొకటి. పైన మొదటి జవాబులో చెప్పిన, పిక్క వాచిన ఆ రోగి ఏదో ఒకరోజు నిజంగానే మీ ఎదుట బల్ల మీద పడుకుంటాడు. అప్పుడు మీకు కావలసింది జవాబు అక్షరం కాదు.

మిగిలిన రోజుల్లో ఎఫ్‌ఎస్‌బీపీటీయే అమ్మే పీట్ అనే సాధన పరీక్ష రాయండి. అందులో ఒకప్పుడు అసలు పరీక్షలో వాడి పక్కన పెట్టిన ప్రశ్నలు ఉంటాయి. ఐదు గంటలూ కదలకుండా కూర్చుని, అసలు పరీక్ష మొదలయ్యే వేళకే మొదలుపెట్టి రాయండి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో తెలుగులోనైనా సరే ఒక వాక్యం రాసుకోండి. ఇక ఆ గ్రూపులోంచి ఈ రోజే బయటికి వచ్చేయండి.