ఏ320 మదర్‌బోర్డులో రైజెన్ 9 5950ఎక్స్ పెట్టవచ్చా?

ప్రాసెసర్ అమరే సాకెట్ రెండింటికీ ఏఎం4 కాబట్టి ప్రాసెసర్ అందులో కూర్చుంటుంది. ఈ బోర్డులకు 5950ఎక్స్ ఉన్న రైజెన్ 5000 సిరీస్ మద్దతును ఏఎండీ 2022లో అనుమతించింది; అయితే మీ బోర్డు తయారీదారు కొత్త బయోస్ (బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఇచ్చి ఉండాలి. పాత ప్రాసెసర్ తీయకముందే దాన్ని అప్‌డేట్ చేయండి, లేకపోతే తెర వెలగదు.

అసలు చిక్కు విద్యుత్తుతో. 5950ఎక్స్ టీడీపీ (కూలర్ ఎంపికకు కంపెనీ చెప్పే వాట్ల అంకె) 105 వాట్లే అయినా, పని ఎక్కువైతే 142 వాట్ల దాకా లాగుతుంది. ఏ320 లాంటి చౌక బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం చిన్నది, చాలావాటిలో దానికి హీట్‌సింక్ కూడా ఉండదు. అది వేడెక్కితే ప్రాసెసర్ వేగం పడిపోతుంది. 16 కోర్లకు అంత డబ్బు పోసి, వీడియో రెండరింగ్ మధ్యలో ఆ వేగాన్ని పోగొట్టుకోవడం నిజంగా అన్యాయం. ఈ బోర్డుకు 65 వాట్ల రైజెన్ 5 5600 చాలు. 5950ఎక్సే కావాలంటే మంచి బీ550 బోర్డుకూ డబ్బు కేటాయించండి.