కరగని వినాయకుడు, పాలు తాగిన వినాయకుడు

ప్రశ్న: మట్టి బొమ్మంటే నమ్మి, ఎక్కువ డబ్బులిచ్చి మరీ వినాయకుణ్ణి కొన్నాం. బకెట్లో వేసి మూడు రోజులైంది, తొండం కొస కూడా అరగలేదు. "స్వామికి మనిల్లు వదలడం ఇష్టం లేదే" అంటూ మా అత్తగారు మళ్లీ హారతి ఇమ్మంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం మాకు లేదు గానీ, మీ బకెట్లో ఉన్నది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సమ్‌ను సుమారు 150 డిగ్రీల వేడిలో ఆరగొడితే వచ్చే పొడి అది. నీళ్లు కలిపి అచ్చులో పోస్తే మళ్లీ జిప్సమ్‌గా బిగుసుకుంటుంది. లీటరు నీళ్లలో కరిగేది రెండు గ్రాముల పైచిలుకు. రెండు కిలోల బొమ్మకు ఎన్ని వందల లీటర్లు కావాలో లెక్క వేసుకోండి. మన ఊళ్లో ట్యాంకరు రేటు మేం చెప్పక్కర్లేదు.

బొమ్మ ఎంత బరువుంటే దాదాపు అంతే అమోనియం బైకార్బొనేట్ తెచ్చుకోండి. బేకరీ సరుకులు అమ్మే కొట్లో దొరుకుతుంది. పూర్తి పేరుతో అడగండి, ఉత్త సోడా అంటే వంటసోడా పొట్లం చేతిలో పెడతారు. బట్ట, దారాలు, పత్రి, తగరపు నగలు తీసేయండి. బొమ్మ మునిగేటన్ని నీళ్లలో పొడి కలిపి అందులోకి దించండి. రోజుకు రెండు మూడుసార్లు కర్రతో కలపండి. రెండు రోజుల్లో మెత్తబడి అడుగున సుద్దలా పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లలో ఉండేది అమోనియం సల్ఫేట్, అంటే ఎరువే. బాగా పలచన చేసి పూలకుండీలకు పోయండి. రంగుల్లో ఏం కలిపారో తెలియదు కాబట్టి కొత్తిమీర, కరివేపాకు జోలికి మాత్రం పోవద్దు. పైన పెయింటు దళసరిగా ఉంటే నీళ్లు లోపలికి దిగవు. అప్పుడు పీట అడుగున కత్తితో గీకండి. ముఖం గీకితే ఇంట్లో కొత్త గొడవ.

చాలామంది ఈ బకెట్టును బాత్రూంలో పెట్టి తలుపేస్తారు. అమోనియా ఘాటుకు ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకుంటుంటే చూసినవాళ్లు నిమజ్జనం దుఃఖమనుకుంటారు. బాల్కనీలో పెట్టండి. గ్యాసు పుడుతుంది కాబట్టి మూత బిగించకండి.

వచ్చే ఏడు కొనే ముందు పీట అడుగున గోటితో గీకి, నీటి చుక్క వేసి రుద్దండి. మట్టయితే రంగు ముదిరి వేలికి బంకగా అంటుతుంది. ప్లాస్టరయితే తెల్లగా పొడి రాలుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే ఈ బొమ్మలు వద్దంది. దాంతో కొందరు సరుకు మార్చకుండా పేరు మార్చారు.

ప్రశ్న: సంక్రాంతి సాయంత్రం మన బెంగళూరు గవి గంగాధరేశ్వర గుడిలో, కిటికీలోంచి నంది కొమ్ముల మధ్యగా లింగం మీద ఎండ పడే వేళకు జనంలో నలిగిపోయి ఏమీ చూడలేదు. పుణ్యం పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: పుణ్యం లెక్క మా దగ్గర లేదు, సూర్యుడి లెక్కుంది. డిసెంబరు 21, 22 దాకా దక్షిణానికి జరిగి, అక్కణ్ణుంచి వచ్చిన దారినే వెనక్కి వస్తాడు. అందుకే జనవరి 14న ఏ దిక్కున అస్తమిస్తాడో, నవంబరు 28 ప్రాంతంలోనూ ఆ దిక్కునే అస్తమిస్తాడు. కిటికీ అదే, నంది కొమ్ములవే, ఎండా అదే. మబ్బు లేని సాయంత్రం చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్లకు పరుగెత్తిన 1995 సెప్టెంబరు 21న మా నాన్నగారు పట్టిన చెంచాడు పాలు వినాయకుడు తాగాడు. మా అబ్బాయి నమ్మడు. రోజూ భోజనాల దగ్గర తాతా మనవళ్ల యుద్ధం. ఎవరి వైపు మాట్లాడమంటారు?
– ఒక పాఠకుడు, హెచ్.ఎస్.ఆర్. లేఔట్

జవాబు: చెంచా ఖాళీ కావడం నాన్నగారు కళ్లారా చూశారు, అది అబద్ధం కాదు. ఖాళీ అయిన పాలు ఎటు పోయాయన్నదే తగువు. చెంచాను అంచు దాకా నింపితే తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు, వల్ల పాలు అంచుకు పైన కొద్దిగా ఉబ్బి నిలుస్తాయి. ఆ ఉబ్బు తడి రాయికి తగలగానే రాయి పాలను లాక్కుంటుంది. చెంచా రవ్వంత వంగితే చాలు, మిగతావీ వెంటే వెళతాయి. అవి పలచని పొరలా రాతి మీదుగా జారతాయి, తెల్లటి పాలరాయి మీదయితే అసలు కనిపించవు. అప్పట్లో ఢిల్లీలో శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు, ధార కిందికి దిగడం కనిపించింది.

ఇంట్లో సన్నికల్లు పొత్రాన్ని తడిపి నిలబెట్టి, చిటికెడు కుంకుమ కలిపిన పాలతో చేసి చూడండి. సగం చెంచా పాలతో చేస్తే ఏమీ జరగదు, అంచు దాకా ఉండాల్సిందే. చేయి చాచి కాసేపు నిలబడితే చెంచా దానంతటదే వంగుతుంది. అయినా వెనక వీధి చివరిదాకా క్యూ ఉండగా, మా పాలు మాత్రం స్వామి ముట్టలేదని చెప్పుకుంటూ బయటికి రావడానికి ఎవరికి మనసొప్పుతుంది?

మీగడ లేని పాలు వాడండి, తరక అడ్డుపడితే ధార ఆగిపోతుంది. తాతగారి చేతే చెంచా పట్టించండి. పొత్రం కడిగే పని అబ్బాయిది.