పందెం ఓడటం, పందెంలో ఓడటం

ప్రశ్న: నేను మక్తల్ దగ్గరి ఊళ్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. 2023 మే 27న లండన్ వెంబ్లీలో లూటన్ టౌన్, కొవెంట్రీ సిటీ ఆడిన ఫుట్‌బాల్ ప్రమోషన్ ప్లే-ఆఫ్ ఫైనల్ (గెలిచిన జట్టు ఇంగ్లండ్ పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కు ఎక్కుతుంది) గురించి పిల్లలకు చెబుతూ ‘కొవెంట్రీ మ్యాచ్ ఓడింది’ అన్నాను. ‘మ్యాచ్‌లో ఓడింది’ అనాలని మా తెలుగు సారు దిద్దారు. ఆట 1–1తో సమమై, పెనాల్టీ షూటౌట్‌లో (రెండు జట్లూ వంతులవారీగా గోలుకు కొట్టే కిక్కుల్లో) 6–5తో తేలింది కదా, దాన్ని ఓడటం అనవచ్చా? చివరి కిక్కు గోలుపైనుంచి కొట్టిన కొవెంట్రీ ఆటగాడు డాబో గురించి ఒక పిల్లవాడు ‘డాబోనే కొవెంట్రీని ఓడగొట్టిండు’ అన్నాడు. అదీ చెప్పగలరు.

సమాధానం: మీరు మక్తల్ వైపు వారు కాబట్టి అక్కడి మాటతోనే మొదలుపెడతాను. నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు రాయచూరు నుంచి చుట్టాల పిల్లలు వచ్చేవాళ్లు. ఒకసారి ఆటలో మావాడు గీత వైపు దూసుకుపోతుంటే వాళ్లంతా ‘ఓడు, ఓడు’ అని అరిచారు. మావాడు ఉన్నచోటనే ఆగిపోయాడు, కండ్లల్ల నీళ్లు. తన జట్టువాళ్లే తనను ఓడిపొమ్మంటున్నారని వాడి బాధ. కన్నడంలో ‘ఓడు’ అంటే పరుగెత్తు. ఆ సంగతి పెద్దవాళ్లు చెప్పేదాకా వాడు మళ్లీ ఆటకు రాలేదు. నాకు మాటల మూలాల మీద మోజు కలిగింది ఆ రోజే.

తమిళంలోనూ ‘ఓడు’ పరుగే. యుద్ధంలో వెన్నిచ్చి పరుగెత్తినవాడే ఓడినవాడు కనుక మన భాషలో పరుగు జారిపోయి పరాజయం నిలిచింది. పాత కావ్యాల్లో ‘ఓడక’ అంటే జంకకుండా అని. అక్కడ ఆ పారిపోవడపు వాసన ఇంకా తగులుతుంది. నీరు పరుగెత్తితే కారడం. ‘నెత్తురోడుతున్న రహదారి’ అని పత్రికలు రాస్తాయి చూడండి, ఓటికుండలోని ‘ఓటి’ కూడా ఈ కుదురుదేనని నా నమ్మకం. ‘గెలుచు’ సంగతి తేలిక: శత్రువునూ గెలుస్తాం, పందాన్నీ గెలుస్తాం, రాజ్యాన్నీ గెలుస్తాం.

‘ఓడు’ అంత ఉదారమైనది కాదు. దాని స్వభావం తెలియాలంటే భారతం సభాపర్వానికి పోవాలి. నన్నయ తెలుగు చేసిన పర్వాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. జూదం ముగిశాక ద్రౌపది వేసిన ప్రశ్న ఒక్కటే: ధర్మరాజు ముందు తన్ను ఓడి తర్వాత నన్ను ఓడాడా, నన్ను ఓడి తర్వాత తన్ను ఓడాడా? సభలో భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు. ఇక్కడ ‘ఓడు’కు కర్మ ఉంది, ఆ కర్మ ఒడ్డిన వస్తువు. రాజ్యాన్ని ఓడాడు, తమ్ముళ్లను ఓడాడు, ఆలిని ఓడాడు. జూదంలో ఓడాడు. ఒడ్డింది ద్వితీయలో, ఓడిన చోటు సప్తమిలో. ఇంత శుభ్రమైన విభజన చేతిలో ఉండగా ‘ఓటమిని చవిచూసింది’, ‘ఓటమిని మూటగట్టుకుంది’ అని రాస్తున్నారు. ఓటమికి రుచేమిటి, మూటేమిటి? ‘ఓడింది’ అనే మూడక్షరాలు ఎందుకు చేదయ్యాయో నాకు అర్థం కాదు.

ఆ లెక్కన మీ తెలుగు సారు మాటే పద్ధతి. అయితే ‘పందెం’ అన్న మాట ఒడ్డిన సొమ్ముకూ పోటీకీ రెండింటికీ పేరు. ‘పందెం ఓడిండు’ అని పాలమూరులో అనని ఇల్లు లేదు. ఆ దారినే ‘మ్యాచ్ ఓడింది’ వచ్చి ఉంటుంది. నేను రాయను, మీరు అంటే తప్పు పట్టను. ‘కొవెంట్రీ ప్రీమియర్ లీగ్‌ను ఓడింది’ అంటే మాత్రం ఒప్పుకోలేను. ధర్మరాజుకు రాజ్యం ముందే ఉంది, ఒడ్డాడు. కొవెంట్రీ రెండో అంచెలో అయిదో స్థానంలో నిలిచి పైకి ఎక్కబోయిన జట్టు. అందుకే ‘ప్రీమియర్ లీగ్ బెర్తు చేజార్చుకుంది’ అన్నదీ నాకు నచ్చదు, చేతికి రానిది జారదు. ‘అందలేదు’ అనండి, చాలు.

ఇక సమమైన ఆటలో ఓటమి. రికార్డుల్లో ఆ మ్యాచ్ 1–1 గానే ఉంటుంది. షూటౌట్ విజేతను తేల్చడానికే. అది 1970లో నియమాల్లోకి వచ్చింది. అంతకుముందు 1968 యూరో (యూరప్ దేశాల పోటీ) సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ జట్ల మధ్య నాణెం ఎగరేసే తేల్చారు. పాచికలకూ నాణేనికీ దూరమెంత? జూదంలో పండిన క్రియ ఇక్కడ నిక్షేపంగా సరిపోతుంది. ‘షూటౌట్‌లో ఓడింది’ అనండి, ‘మ్యాచ్‌లో’ అనకపోతే ఇంకా మేలు.

చివరికి మీ పిల్లవాడి మాట. ‘ఓడించు’, ‘ఓడగొట్టు’ ఎదుటివాడు చేసే పనులు. లూటన్ కొవెంట్రీని ఓడించింది. ఆరుగురికి ఆరుగురూ గోలు కొట్టారు. డాబో తనవాళ్లను ఓడించలేదు, తనవాళ్లతో పాటు ఓడాడు. రేపు మైదానంలో సున్నంతో చుక్క పెట్టి, గోలు గీత నుంచి పన్నెండు గజాలు కొలిచి, ఆ పిల్లవాణ్ని అక్కడ నిలబెట్టి బంతి కొట్టనివ్వండి. తర్వాత వాడినే అడగండి, ఆ వాక్యానికి కర్త ఎవరని.