నైతిక తీర్పుకు ఆధారం ఉద్వేగమా, హేతువా: అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడిన అనుభవం

మంచిచెడ్డల మీద మనమిచ్చే తీర్పు ఉద్వేగం నుంచి వస్తుందా, హేతువు నుంచి వస్తుందా అని అడిగారు. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో, బ్రెయిన్ డెడ్ అయిన, అంటే మెదడు పని శాశ్వతంగా ఆగిపోయి మరణించినట్టు నిర్ధారించిన రోగుల కుటుంబాలతో అవయవదానం గురించి మాట్లాడే కోఆర్డినేటర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. తీర్పును మొదలుపెట్టేది ఉద్వేగమేననీ, అది ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో చెప్పేది హేతువనీ అక్కడ నాకు అర్థమైంది.

వెంటిలేటర్ మీద కొడుకు ఛాతీ లేచి పడుతుంటే, చెయ్యి వెచ్చగా తగులుతుంటే, "ప్రాణం ఉండగానే కోస్తారా?" అని తల్లి అడుగుతుంది. ఆ ప్రశ్న ఏ వాదన నుంచీ పుట్టలేదు. అయినా బతికున్న మనిషికి హాని చేయకూడదన్న నియమం అందులో స్పష్టంగా ఉంది. హేతువు ఉద్వేగాలకు దాసి అని 18వ శతాబ్దంలో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అన్నది ఈ మేరకు నిజమే. అయితే నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షిస్తుందనీ, ఊపిరి తీసుకొమ్మని మెదడును ప్రేరేపించే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పెరిగినా రోగి ఊపిరి తీసుకునే ప్రయత్నం చేయలేదనీ, ఆక్సిజన్ అందుతున్నంతసేపు గుండె మెదడు ప్రమేయం లేకుండానే కొట్టుకోగలదనీ ఓపికగా వివరించిన తరువాత, అదే తల్లి అంతే దుఃఖంతో వేరే తీర్పుకు రావడం చూశాను. ఆమె ప్రేమా మారలేదు, నియమమూ మారలేదు. ఆ నియమం ఇక తన బిడ్డకు వర్తించదని మాత్రం తెలిసింది.

హేతువు చేసే మరో పని నాకు ఇంతకన్నా విలువైనదిగా తోస్తుంది. కాలేయం కోసం ఎదురుచూసే మనిషి ఆ గదిలో ఉండడు కనుక అతని మీద కనికరం దానంతటది కలగదు. "మా ఊరివాళ్లకే ఇవ్వండి" అని కోరిన బంధువులకు, రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ వెయిటింగ్ లిస్టు ప్రకారమే కేటాయింపు జరుగుతుందని చెప్పి, "మీ అబ్బాయే ఆ లిస్టులో ఉండి, ఇంకొకరి సిఫారసు వల్ల వెనక్కి పోతే ఒప్పుకుంటారా?" అని అడిగేదాన్ని. చాలామంది తమ కోరికను వదులుకునేవారు. నీ నియమం అందరికీ వర్తించినా నీకు సమ్మతమేనా అన్న జర్మన్ తత్వవేత్త కాంట్ పరీక్షను, ఆయన పేరైనా వినని రైతులు ఐసీయూ బయట నిలబడి నెగ్గారు.

అన్నీ అర్థమైనా వద్దన్న కుటుంబాలూ ఉన్నాయి. వారిది మూఢత్వమని నేను అనను. దేహాన్ని చెక్కుచెదరకుండా సాగనంపాలన్న కోరికలో మృతుల పట్ల గౌరవం ఉంది, అదీ నైతిక విలువే. అందుకే వారి చేత అవునని ఎలా అనిపించాలా అని నేను ఎన్నడూ వాదనలు వెతకలేదు.