అమ్మమ్మ మిర్చి పని గురించి చెప్పకూడదా?

ప్రశ్న: మాది గుంటూరు. మమ్మల్ని పెంచిన అమ్మమ్మ పోయిన నెల ప్రభువునందు నిద్రించింది. ముప్పై ఏళ్లు మిర్చి షెడ్లలో తొడిమలు తీసి ఇల్లు నడిపింది. ఆదివారం చర్చి మానేది కాదు. రాత్రిళ్లు మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుని బైబిలు చదివేది. ఆ పేజీల అంచులకు ఇప్పటికీ నూనె మరకలున్నాయి. జ్ఞాపకార్థ కూడికలో నన్ను మాట్లాడమన్నారు. పెద్ద మామయ్యేమో, "కొత్త వియ్యంకులవాళ్లు వస్తారు, కూలిపని ఊసెత్తకు, భక్తి గురించి చెప్పు చాలు" అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ మామయ్యకు తల్లి అంటే చులకన అనుకోను. ఘాటు పట్టిన చీరతో అమ్మ బడికొస్తే తోటిపిల్లలు ముక్కు మూసుకుని ఉంటారు. చిన్నప్పుడు పడ్డ మాట అంత తేలిగ్గా మానదు. ఆయనతో గొడవ పెట్టుకోకండి.

అలాగని ఆయన చెప్పినట్టూ చేయకండి. ఇలాంటి కూడికల్లో తరచూ చదివే బైబిలు సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీసి చూడండి. ఆ గుణవతి చీకటితోనే లేస్తుంది, పొలం కొంటుంది, రాత్రి ఆమె దీపం ఆరదు. అంతా చాకిరీయే! అదే బైబిల్లో అపొస్తలుల కార్యములు 9లో దొర్కా అనే శిష్యురాలు చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ అపొస్తలుడైన పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలనే. ఈ సంగతి మీకంటే పాస్టర్‌గారు చెబితే మామయ్యకు బాగా ఎక్కుతుంది. ముందే పాస్టర్‌గారి చెవిన వేయండి.

మన మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పలు పోతాం. తాలుకాయలు ఏరిన చేతుల గురించి చెప్పాలంటే మాత్రం నామోషీ!

"కష్టజీవి, భక్తిపరురాలు" అని ఊరుకుంటే అది ఏ ముసలావిడకైనా సరిపోతుంది. ఆ బైబిలు చేతిలో పట్టుకుని నూనె మరకలు చూపించండి. మిరప మంట నీళ్లతో కడిగితే పోదు, నూనెకే లొంగుతుంది. గుంటూరులో ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

రాసుకున్నది ముందురోజు మామయ్యకు చదివి వినిపించండి. అప్పులు, ఇంటి గొడవలు తీసేయమంటే తీసేయండి, పని సంగతి మాత్రం ఉంచండి. మాట పెగలకపోతే మిగతాది చదవడానికి ఇంకొకరిని సిద్ధంగా ఉంచుకోండి. షెడ్డులో ఆమె పక్కన కూర్చుని తొడిమలు తీసిన ఆడవాళ్లకు ఇవాళే కబురు పంపండి. సీజన్‌లో వాళ్లకు పొద్దుగూకేదాకా తీరిక ఉండదు, కూడిక టైమ్ సాయంత్రానికి పెట్టించండి.